పేరు తెలియని మనిషికి అర్చన

ఒరేయ్ చిన్నా,

నువ్వు పోయి ఇవాళ్టికి మూడేళ్ళు.

నీ రక్త క్యాన్సర్‌కి మూలకణాలు ఎక్కించాలని ముందు నా రక్తం పరీక్షించారు. కలవలేదు. చేబ్రోలు గుళ్ళో అర్చకత్వం చేసే నాన్నగారు, మన గోత్రం వాళ్ళవైతే కలుస్తాయని తెనాలి, రేపల్లె తిరిగి ఒక వ్యానుకి సరిపడా జనాన్ని ఆసుపత్రికి తెచ్చారు. "గోత్రంతో కలవవండీ" అని డాక్టరుగారు వెనక్కి పంపేస్తుంటే నువ్వు మంచం మీద పడీ పడీ నవ్వావు.

తర్వాత నేను పాఠాలు చెప్పే బాపట్ల కాలేజీలోనే, బుగ్గ లోపల దూదిపుల్ల తిప్పించుకుని దాతగా పేరు రాయించుకున్నాను. ఈ ఏడు ఎవరికో నావి కలిశాయి. మొన్న వెళ్ళి ఇచ్చొచ్చాను. ఎముకలు తొలిచేస్తారని అమ్మ హడలిపోయింది గానీ, అదేం లేదురా. ఐదు రోజులు ఇంజెక్షన్లు, తర్వాత చేతికి సూది పెట్టుకుని నాలుగు గంటలు మిషన్ పక్కన పడుకోవడం. ఆ మనిషి కోలుకుంటే చాలు.

ఇవాళ పొద్దున ఆ మనిషికి అర్చన చేయమన్నాను.

"గోత్రం?" అన్నారు నాన్నగారు అలవాటుగా.

"తెలీదండి. పేరు కూడా చెప్పరు."

గోత్రం చెప్పందే పువ్వు వెయ్యని మనిషి, పళ్ళెం పట్టుకుని చాలాసేపు ఆలోచించారు. "ఇకమీదట ఆ ఒంట్లో ఊరేది నీ రక్తమేగా" అని మన గోత్రమే చెప్పారు.

పేరుకి మాత్రం ఆలోచించలేదురా. నీదే చెప్పారు.

అన్నయ్య