ఆయన వేళ్ళ కింద నుంచి

టోంగాట్
దక్షిణాఫ్రికా, 9 మార్చి 1997

నా కోపాన్ని ఓపిగ్గా భరించే ఏకైక ప్రాణివి, భారతీ,

"ఎగ్జిక్యూటివ్ అసిస్టెంట్‌వి అయిపోయావు, ఇంక మేమెక్కడ గుర్తుంటాంలే" అని దెప్పావు. ఆ ముక్క చదివేటప్పుడు నేనేం చేస్తున్నానో తెలుసా? మా యజమాని క్లారెన్స్ గారు స్టాంపులు కొనడానికి పోస్టాఫీసుకి వెళితే, ఆయన వచ్చేదాకా ఖాళీ బల్ల ముందు చేతులు కట్టుకుని కూర్చున్నాను. సరిగ్గానే చదివావు. పద్దెనిమిది బస్సుల యజమాని స్టాంపుల కోసం వరసలో నిలబడతాడు. ఎం.కాం. చదివిన అసిస్టెంటు గోడ గడియారం చూస్తూ ఉంటుంది.

సాయి అన్నయ్య ఇక్కడి చక్కెర మిల్లులో కెమిస్టుగా చేరాక వాడి వెనకే వచ్చి, ఆర్నెల్లు ఇంట్లో గోళ్ళు గిల్లుకున్నానని నీకు తెలుసు కదా. ఈ ఉద్యోగం ఇచ్చింది క్లారెన్స్ గారు కాదు, ఆయన భార్య లొరైన్. వాళ్ళ తాతముత్తాతలు మన విశాఖ వైపు నుంచే చెరకు నరకడానికి వచ్చారట. ఇప్పుడు వాళ్ళది బాప్టిస్టు చర్చి, ఇంగ్లీషు మాట. తెలుగు ప్రార్థనల్లోనూ తిట్లలోనూ మిగిలింది. మొదటి రోజే ఆవిడ నన్ను వంటగదిలోకి తీసుకెళ్ళి తలుపేసింది.

"చూడు సీతా, పోయిన ఏడాది ఆయన గుండె ఒకసారి మొరాయించింది. ఆపరేషన్ చేయించుకోమన్నాడు డాక్టరు. నేను పడుకుంటే బస్సులు ఎవరు చూస్తారు అంటాడీయన. ఆయన చేతుల్లోంచి పని లాక్కో. ఎలా లాక్కుంటావో నాకనవసరం. లాక్కోలేకపోతే నాకు మొగుడు మిగలడు."

నా అసలు ఉద్యోగం అదన్నమాట. ఒక మనిషిని బతికించడం. ఆ మనిషేమో నాకు పెన్సిలు చెక్కే పని కూడా ఇవ్వడు.

మొన్న కొత్త రూట్ల పర్మిట్ల గురించి ప్రభుత్వ ఆఫీసుకి ఉత్తరం తయారు చేశాను. చదివి, "వెరీ నైస్" అన్నాడు. తర్వాత దాన్ని పక్కన పెట్టుకుని, మొదటి నుంచీ మళ్ళీ ఒంటి వేలితో టైపు చేశాడు. మాట మార్చలేదు. కామా మార్చలేదు. యాభై నిమిషాలు!

"ఎందుకు సార్?" అన్నాను.

"నా వేళ్ళ కింద నుంచి పోకపోతే నాకు నిద్ర పట్టదు, మై గర్ల్."

బాత్రూంలోకి పోయి ఏడ్చాను. ఇది అన్నయ్యకి చెప్పలేదు, నీకే చెబుతున్నాను. నేను చేసిన పని తప్పయితే తిట్టించుకునేదాన్ని. తప్పు కాదు, అయినా చెల్లదు. ఇంతకంటే అవమానం ఉందా? బయటికొస్తే డోరీన్ ఆంటీ టీ కప్పు చేతికిచ్చింది. ఇరవై ఆరేళ్ళుగా ఇక్కడ టీ కలుపుతూ, టిక్కెట్ పుస్తకాలు పంచుతూ ఉన్న మనిషి. "ఏడవకు పాపా. ఆయన నాయన కూడా అంతే," అంది. పాపం, ఆవిడకేం తెలుస్తుంది!

వర్ణవివక్ష పోయాక ఇప్పుడు అన్ని రంగుల పిల్లలూ ఒకే బడికి వెళుతున్నారు, బస్సులు కొత్త దారుల్లో తిరగాలి. పర్మిట్ల వాళ్ళ ఎదుట కూర్చుని మాట్లాడగలిగింది ఆయనొక్కడే. ఆ పని ఆరు వారాలుగా మూలపడి ఉంది. ఎవరైనా చేయగల పనులన్నీ తాను చేస్తూ, తానొక్కడే చేయగల పనిని వాయిదా వేసేవాణ్ణి కష్టజీవి అంటారా భారతీ? నేననను. అది ఒట్టి అహంకారం. అందులో ఆయన చస్తాడు, అందరూ కష్టపడి పోయాడని ఏడుస్తారు. నాకు ఒళ్ళు మండిపోతోంది. ఈ నెలాఖరుకి రాజీనామా ఇచ్చేస్తాను. ఆయన అంత్యక్రియలకి కుర్చీలు సర్దే ఉద్యోగం నాకొద్దు.

మండిపడుతున్న
నీ సీతాలక్ష్మి


టోంగాట్
8 ఏప్రిల్ 1997

భారతీ, ముందు కూర్చుని తర్వాత చదువు,

రాజీనామా ఇవ్వలేదు. ఇవ్వడానికి ఎదురుగా మనిషి లేడు. మార్చి ఆఖరి గురువారం పాత టైర్లు స్వయంగా లెక్కపెడుతూ షెడ్డులో కూలబడ్డాడు. డర్బన్‌లో ఆస్పత్రిలో ఉన్నాడు. పదిహేనో తారీఖున ఆపరేషన్. "అంతవరకూ మంచం దిగితే నా పూచీ లేదు" అని డాక్టరు లొరైన్‌తో ఖరాఖండిగా చెప్పాడట.

కంపెనీ నా చేతిలో ఉంది! ఆక్సిజన్ గొట్టం పెట్టుకుని కూడా, "డీజిల్ ట్యాంకు మూత రెండుసార్లు తిప్పాలి" అన్నాడు నాతో. అంతవరకూ జాలి వేసింది, అక్కడితో పోయింది.

గోడ మీద పెద్ద చార్టు అంటించాను. ఏ బస్సు, ఏ దారి, ఏ డ్రైవరు, ఎన్ని గంటలకి, అన్నీ. వర్క్‌షాప్ ఫోర్‌మన్ వేన్ వచ్చి, "సిస్టర్, ఇప్పుడు ఇక్కడ ఇన్‌ఛార్జ్ ఎవడు?" అని నా తల మీదుగా వెనక్కి చూశాడు. "ఎవడూ కాదు, నేను. బోల్టు మార్చాలన్నా నన్నడుగు" అన్నాను. అడుగుతున్నాడు, రోజుకి ముప్పైసార్లు. నిలబడే బ్రెడ్డు తింటున్నాను. అన్నయ్య, "ఇంటికొచ్చి కూడా ఆ కాగితాలేనా?" అని విసుక్కుంటున్నాడు. వేరేవాళ్ళకిస్తే తప్పులు చేస్తారు, మళ్ళీ నేనే దిద్దుకోవాలి. ఒక చార్టు గీసుకుంటే పోయేదని ఆయనకెందుకు తోచలేదో!

డోరీన్ ఆంటీ అస్తమానం వచ్చి నిలబడుతోంది. ఇవాళ కూడా, "శనివారం బస్సులు పాపా..." అని మొదలుపెట్టింది.

"అన్నీ చార్టులో ఉన్నాయి ఆంటీ" అన్నాను.

"చార్టులోనా!" అని దానివంక చూసి, కప్పు తీసుకుని వెళ్ళిపోయింది. నిజం చెప్పనా? ఒక్క బస్సు కూడా ఊరికే నిలబడటం లేదు. ఆయన తిరిగొచ్చి చూసి సిగ్గుపడాలి.

తీరిక లేని
సీత


టోంగాట్
27 ఏప్రిల్ 1997

ఎవరికీ చెప్పుకోలేనివి వినే నా భారతికి,

సిగ్గుపడింది ఆయన కాదు.

నీకు రాసిన రెండు రోజులకి డ్లామిని అనే జులూ డ్రైవరు వచ్చాడు. పెద్దాయన. టోపీ తీసి చేతిలో పట్టుకుని, "మా అమ్మ పోయింది. శనివారం అంత్యక్రియలు," అన్నాడు. అయ్యో అన్నాను. చార్టులో ఆయన పేరు కొట్టేసి, సెలవని రాశాను. ఆయన కాసేపు నిలబడి, వెళ్ళిపోయాడు. ఏదో మంచి పని చేసినట్టు అనిపించింది కూడా.

శనివారం పొద్దున్న డ్రైవర్లందరూ యార్డులో గోడవారగా నిలబడ్డారు. ఒక్క ఇంజనూ స్టార్టవలేదు. పెళ్ళికి బస్సులు మాట్లాడుకున్నవాళ్ళు గేటు దగ్గర అరుస్తున్నారు. ఏమైందంటే ఎవరూ నోరు విప్పరు. బుద్ధిలేని వేన్ తిన్నగా ఆస్పత్రికి ఫోన్ చేశాడు. అయిదు నిమిషాల్లో లొరైన్ ఫోన్‌లో ఏడుస్తోంది: "సీతా, చేతికున్న సూది పీకేశాడు. ప్యాంటు ఇమ్మంటున్నాడు. బయల్దేరితే దారిలోనే పోతాడు. ఏదో ఒకటి చెయ్యి!"

డోరీన్ ఆంటీ వంక చూశాను. "నీకు తెలుసా ఇదేంటో?"

"తెలుసు గదా. డ్రైవరింట్లో మనిషి పోతే మన బస్సే పోవాల, ఊరోళ్ళని ఎక్కించుకోని. అడగరు పాపా, అడిగితే సిగ్గు. చెప్తే చాలు, బస్సు వస్తది. క్లారెన్స్ నాయన కాలం నుంచీ అంతే. సావు బస్సు ముందు, తర్వాతే పెళ్ళి బస్సు."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పబోతే చార్టు చూపించినావు."

భారతీ, ఎన్నాళ్ళుగానో క్లారెన్స్ గారి మీద నేను పెంచుకున్న కోపమంతా ఆ ఒక్క మాటతో నా మీదికి తిరిగింది. ఆమె ఇరవై ఆరేళ్ళుగా చూస్తూ ఉంది. ఆమెకి తెలియనిది ఇక్కడ ఏదీ లేదు. ఆయన ఆమెను టీ దగ్గర కూర్చోబెట్టాడు, నేనొచ్చి ఇంకా గట్టిగా కూర్చోబెట్టాను. నేను ఎం.కాం. కదా!

"ఇప్పుడేం చెయ్యాలి ఆంటీ?" అన్నాను. ఆ మాట అనడానికి నాకు నెల పట్టింది.

ఆమె ఆలోచించను కూడా లేదు. "ఆటలకి పోయే స్కూలు బస్సు తియ్యి. ఆ హెడ్మాస్టరు మా చెల్లెలు ప్యాట్రీషియా కొడుకే, మధ్యాన్నందాకా ఆగమంటాను. లొరైన్‌కి నేను చెప్తా. నువ్వు బస్సెక్కు."

"నేనా?"

"తప్పు చేసింది ఎవరు మరి?"

ఆంటీ, నేనూ చెరకు తోటలు దాటి, కొండ మీద డ్లామిని ఇంటికి వెళ్ళాం. చెప్పులు విప్పి, ఆడవాళ్ళ మధ్య చాప మీద కూర్చున్నాను. డోరీన్ ఆంటీ జులూ భాషలో ఏదో చెప్పింది, నా పేరు రెండుసార్లు వినిపించింది. డ్లామిని నావంక చూశాడు. "నాకు తెలియదు, తెలుసుకోను కూడా లేదు. తప్పు నాది, బాస్‌ది కాదు" అన్నాను ఇంగ్లీషులో. ఆయన పక్కింటి కుర్రాడి దగ్గర సెల్‌ఫోను అడిగి తీసుకుని, లొరైన్‌కి తనే ఫోన్ చేశాడు. "బస్సు వచ్చిందని చెప్పండి. పడుకోమనండి" అన్నాడు.

పడుకున్నాడట. మంగళవారం ఆపరేషన్ అయింది. బతికాడు.

ఇప్పటికీ నాకు కోపంగానే ఉంది. అరవై మంది పనివాళ్ళ పరువు నిలబెట్టే ఆచారాన్ని ఒక్క జబ్బుగుండెలో దాచుకుని తిరిగిన మనిషి మీద కోపం. ఆ గుండె ఆగితే ఆచారమూ ఆగేది కదా! పని పంచడమంటే తెలిసినది కూడా పంచాలని ఆయనకి చెప్పాలి. చెప్పడానికైనా నేనుండాలి. అందుకే రాజీనామా ఇవ్వడం లేదు. డోరీన్ ఆంటీ బల్ల నా గదిలోకి తెప్పించాను. డ్రైవర్లూ శనివారాలూ ఆమెవి. బోల్టులు వేన్‌వి. వాడు మొదటి రెండు రోజులూ అలవాటుకొద్దీ వచ్చి గుమ్మంలో నిలబడి, తిరిగి వెళ్ళిపోయాడు.

మొన్న శుక్రవారం ఆస్పత్రి నుంచి క్లారెన్స్ గారే ఫోన్ చేశారు. ఆంటీ ఎత్తింది.

"సూపు తాగినావా క్లారెన్స్? ... ఏ బస్సు ఎటు పోయిందా? అది నీ పని కాదిప్పుడు. పర్మిట్లోళ్ళతో ఏం మాట్లాడాలో పడుకోని ఆలోచించు." పెట్టేసింది.

వెంటనే మళ్ళీ మోగింది. ఎవరో శనివారం బస్సు గురించి. ఆమె బస్సు టైము తప్పు చెబుతున్నట్టు నాకనిపించింది. ఫోన్ లాక్కోబోయి ఆగాను. నా చెయ్యి నా ఒళ్ళో పెట్టుకుని, రెండో చేత్తో గట్టిగా పట్టుకున్నాను. ఆమె మాట్లాడటం ముగించి, కాగితం చూసుకుని, నేనేమీ అనకుండానే మళ్ళీ డయల్ చేసి టైము సరిచేసింది.

నేర్చుకుంటున్న
సీతాలక్ష్మి