పెనుకొండలో ఆగిన మధ్యాహ్నం

7 జూలై 2025, సోమవారం

హిందూపురం నుంచి ధర్మవరం, మళ్ళీ వెనక్కి. మొదటిసారి నేనే నడిపాను. మా ఆయనకు డయాలసిస్. హిందూపురంలో స్లాట్ ఖాళీ లేదన్నారు. ధర్మవరంలో సోమ, గురువారాలు ఇచ్చారు.

ఈ ఎలక్ట్రిక్ కారు ఆయన ముచ్చట. హార్డ్‌వేర్ షాపు పని మీద ఊళ్ళో తిరగడానికి పోయినేడు కొన్నాడు. అప్పటికి కిడ్నీల సంగతి మాకు తెలియదు. ఇప్పుడు ఆ బండితోనే ఇంత దూరం. ఫుల్ చార్జ్ ఉంటే పోయిరావడానికి సరిపోతుంది, కొంచెం మిగులుతుంది. ఆ కొంచెం గురించే దారంతా దిగులు. ఆయన పక్క సీట్లో కళ్ళు మూసుకుని పడుకున్నాడు. నేను రోడ్డు ఎంత చూశానో, స్క్రీన్ మీద చార్జ్ అంకె ఎంత చూశానో చెప్పలేను.

10 జూలై

మెడ నొప్పి. భుజాలు కూడా. అంకె తగ్గినప్పుడల్లా స్టీరింగ్ ఇంకా గట్టిగా పట్టుకుంటున్నాను.

17 జూలై, తెల్లవారుజాము 5

లేవగానే మొదట చూసేది ఆయన్ని కాదు. కిటికీలోంచి కిందికి, కారుకు చార్జింగ్ పచ్చ లైటు వెలుగుతోందా లేదా అని.

నిన్న ఆడపడుచు నాగలక్ష్మి వచ్చింది. ఈ కారు అమ్మేసి డీజిల్ బండి తీసుకోమంది. "అన్నను పెట్టుకొని నడిరోడ్లో నిలబడితే ఏం జేస్తావు వదినా?" అంది. నాకు తెలిస్తే కదా.

ఆస్పత్రి దగ్గర ప్లగ్ ఏమైనా ఉందా అని సోమవారం అడిగాను. లేదన్నారు. పెనుకొండ దగ్గర హైవే మీద ఫాస్ట్ చార్జర్ ఉందట. యాప్ వేసుకున్నాను. ఎప్పుడూ వాడలేదు.

28 జూలై

వెనక్కి వచ్చేటప్పుడు ఎదురుగాలి. అంకె గబగబా పడిపోతుంటే ఏసీ ఆపేశాను. ఇల్లు చేరాక చొక్కా విప్పితే వీపంతా తడి. టవల్‌తో తుడిచాను. ఆయన చేతులెత్తి తుడవనిచ్చాడు. తిట్టినా బాగుండేది.

7 ఆగస్టు, గురువారం

రాయాల్సింది చాలా ఉంది. చేయి లాగుతోంది, అయినా రాస్తాను.

రాత్రి వానకు కరెంటు పోయింది. పొద్దున చూస్తే బండికి చార్జ్ పూర్తిగా ఎక్కలేదు. పోవడానికి చాలు, తిరిగి రావడానికి చాలదు. డయాలసిస్ మానేది కాదు. వచ్చేటప్పుడు పెనుకొండలో ఎక్కించుకుందాం అనుకుని బయల్దేరాం.

ఈ రోజు ఆయనకు బీపీ బాగా పడిపోయింది. కాసేపు పడుకోబెట్టి పంపారు. కారు ఎక్కేటప్పుడు నా భుజం మీద బరువంతా వేశాడు. మధ్యాహ్నం ఎండ. నేను మళ్ళీ ఏసీ ఆపాను. కొంత దూరం వచ్చాక కారు పక్కకు ఆపమన్నాడు. తలుపు తీసి వాంతి చేసుకున్నాడు. నోరు తుడుచుకుని, "ఏసీ వేసుకో ఉమా. ఆగిపోతే ఆగిపోతాం. ఏమైతాది?" అన్నాడు.

వేశాను.

పెనుకొండ చార్జర్ పనిచేయలేదు. స్క్రీన్ చీకటి. ఫోన్ చేస్తే కంప్లయింట్ తీసుకున్నాం మేడమ్ అన్నారు. అంతే. బండిలో ఉన్నదానితో హిందూపురం సగం దారి కూడా రాదు.

ఊళ్ళోకి తిప్పాను. ఒక వీధిలో ఇంటి బయట నీళ్ళ మోటారు కనబడింది. మోటారు ఉంటే పెద్ద ప్లగ్ ఉంటుంది కదా అనిపించింది. అరుగు మీద ఒక అవ్వ చింతపండులో గింజలు తీస్తోంది. పేరు చౌడమ్మ అని తర్వాత తెలిసింది. కారుకు కరెంటు కావాలి అన్నాను. ఆమె నన్ను చూడలేదు. కారులో తల వాల్చిన ఆయన్ని చూసింది.

"ముందు ఆయప్పను లోపలికి తీసుకరామ్మా. కారుదేముండాది, దాని పాటికది తాగుతాది" అంది.

నవారు మంచం వాల్చింది. ఫ్యాన్ వేసింది. నేను కారు తీగ తెచ్చి మోటారు ప్లగ్‌లో పెట్టాను. పెద్ద చెంబుతో మజ్జిగ తెచ్చింది. ఆయనకు నీళ్ళు కొలిచి ఇవ్వాలి, మజ్జిగ అయితే ఇంకా జాగ్రత్త. అడ్డం పడబోయాను. ఆయనే రెండు గుక్కలు తాగి చెంబు నాకిచ్చాడు. మిగిలిందంతా నేనే తాగాను. పొద్దున్నుంచీ నేనేమీ తాగలేదని అప్పుడు తెలిసింది.

ఆయన నిద్రపోయాడు. నెల రోజుల్లో పగలు అలా పడుకోవడం చూడలేదు. నేను గోడకు ఆనుకుని కూర్చున్నాను, బండికి చార్జ్ ఎంత ఎక్కిందో మధ్యమధ్యలో చూసొద్దామని. ఎప్పుడు ఒరిగిపోయానో! చౌడమ్మ తట్టి లేపేసరికి ఎండ అరుగు దిగిపోయింది. నా తల కింద దిండు ఉంది. ఎవరు పెట్టారో తెలియదు.

భయపడుతున్నదంతా జరిగింది. దారిలో ఆగిపోయాం. ఆయన బాగాలేడు. ఊరు కాని ఊరు. అయినా ఇల్లు చేరాం.

8 ఆగస్టు

ఒళ్ళంతా నొప్పులు. భయం మాత్రం, వెతికినా దొరకలేదు.

21 ఆగస్టు

ఇప్పుడు ప్రతిసారీ చౌడమ్మ ఇంటి దగ్గర ఆగుతున్నాం. చార్జ్ ఉన్నా ఆగుతాం. ఆయన పడుకుంటాడు, నేను ఆమెతో కూర్చుని ఏదో ఒకటి ఒలుస్తాను. ఈరోజు ఫుల్ చార్జ్‌తోనే బయల్దేరామని చెబితే, "అయితే మాత్రం? మనిషికి వద్దా?" అని మంచం వాల్చింది.

ఏసీ ఆపడం మానేశాను.

15 సెప్టెంబరు

ఫాస్ట్ చార్జర్ బాగుచేశారు. ఒకసారి వాడాను. సులువే. ఆయన యాప్ నొక్కి చూపించాడు, చాలా రోజుల తర్వాత ఉత్సాహంగా. ముందే నేర్పించి ఉండొచ్చు కదా అంటే, నువ్వు అడిగితివా అన్నాడు. ఇద్దరం నవ్వాం. నాకు నవ్వే ఓపిక ఉందని ఆశ్చర్యం వేసింది.

6 అక్టోబరు

ఆయన బరువు ఇంకా తగ్గాడు. డాక్టరు చాలాసేపు మాట్లాడాడు. రాయలేను.

29 అక్టోబరు, బుధవారం

డయాలసిస్ లేదు. ఆయన దగ్గర నాగలక్ష్మి ఉంది. కారు తీసుకుని యాడికన్నా పోయిరాపో అన్నాడు ఆయన. ఎక్కడికి అంటే, నీ ఇష్టం అన్నాడు.

కనగానపల్లి దాటి ఒక చేను పక్కన ఆపాను. శెనక్కాయ పీకుతున్నారు. అద్దాలు దించి కూర్చున్నాను. చాలాసేపటికి ఒకామె గట్టు దాకా వచ్చి అడిగింది, బండేమన్నా చెడిపోయిందా అక్కా అని.

"లేదమ్మా. బండి బాగనే ఉండాది. నేనే ఆపినా."