సుజాత బట్టీ చదువు

పర్చూరు, 12 మార్చి 2003, రాత్రి

నర్సింగు పరీక్షలని మనవరాలు సుజాత సాయంత్రమంతా నా మంచం పక్కనే బట్టీ పట్టింది. "షుగర్ పడిపోతే చెమటలు, వణుకు, గుండె దడ." గొంతు మాత్రం ఫస్టు క్లాసు. షుగర్ మాత్ర వేసుకుని అన్నం ఆలస్యం చేసిన నాకు సరిగ్గా అవే మొదలయ్యాయి.

"ఒళ్లంతా చెమటలే, చేతులు వణుకుతున్నాయి," అన్నాను.

"పొద్దంతా మిరప కల్లంలో తిరిగావు, ఎండదెబ్బలే అమ్మమ్మా. కాస్త చదువుకోనీ," అంది, తలెత్తకుండా.

గోడ పట్టుకుని వెళ్లి నేనే చక్కెర నోట్లో పోసుకున్నాను. తిరిగొచ్చి పుస్తకం లాక్కుని, "ఇకనుంచి ఇది మూసి, నా ముఖం చూసి చెప్పు," అన్నాను. ఏడ్చింది. ఏడవనీ. నేనైతే లేచి వెళ్లగలిగాను. మంచం దిగలేని మనిషి దీని వార్డులో పడితే...