గాలి తగ్గేదాకా ఆగని నౌకాదళం

అన్నా,

నువ్వు సముద్రంలో పోయి ఈరోజుకు ఏడాది. అమ్మ పొద్దున్నే మైపాడు ఒడ్డుకెళ్లి పూలు వదిలింది. నేను వెళ్లలేదు. నీ నవల పట్టుకుని నెల్లూరులో ఒక ప్రచురణకర్త ముందు కూర్చున్నాను.

కుంఫిణీవాళ్లు రాకపోయి ఉంటే మన తీరమంతా పెన్నా దేశమయ్యేదనీ, దానికి సొంత నౌకాదళం ఉండేదనీ చేపల వేట లేని రోజుల్లో ఊహించి రాశావు కదా, ఆ మూడు వందల పేజీలూ ఆయన చదివారు. బాగుందన్నారు.

"కానీ ఇన్ని ఓడలు పెట్టి ఒక్క యుద్ధమూ లేకపోతే ఎట్టమ్మా? తుపాన్లో చిక్కినోళ్లను తెచ్చేదేనా వాళ్ల పని? చివర్లో ఒక యుద్ధం రాయి, అచ్చేస్తా."

చివరి అధ్యాయం నువ్వు రాయలేదు. నేను రాయొచ్చు. అట్టమీద నీ పేరు చూడాలని ఒక్క క్షణం ఆశపడ్డాను.

అంతలో నీ పడవ తిరగబడిన రోజు గుర్తొచ్చింది. గాలి తగ్గితేగానీ వెతకడానికి వెళ్లలేమన్నారు అధికారులు. రెండు రోజులు నాన్న ఒడ్డునే నిలబడ్డాడు.

"మా అన్న ఆ దళాన్ని పెట్టిందే అందుకండీ. అది గాలి తగ్గేదాకా ఆగదు," అని కాగితాలు తీసుకుని వచ్చేశాను. అచ్చువేసేవాళ్లను ఇంకొకరిని వెతుకుతాను.

మధ్యాహ్నం నుంచి చివరి అధ్యాయం రాస్తున్నాను. నీ పేరున్న జాలరి ఒకడు తిరగబడిన పడవను పట్టుకుని ఉన్నాడు. ఓడ అతని దగ్గరికి చేరింది. ఇప్పుడే తాడు విసిరారు.

నీ చెల్లెలు