నేను సవేరియోని కాదు

అక్టోబర్ 6, మంగళవారం

నిన్న రాత్రి టీవీలో నా సీన్ వచ్చింది. ఇవాళ పొద్దున తొమ్మాసో నాకు చేపలు అమ్మనన్నాడు.

'చీకటి రేవు' సీరియల్లో నా పేరు సవేరియో. ముఠా నాయకుడికి భయపడి, సొంత స్నేహితుణ్ణి కిటికీ కింద నుంచి కేకేస్తాను. కిందికి రారా, కాఫీ తాగుదాం అంటాను. వాడు దిగి వస్తాడు. మోటార్ సైకిల్ మీద ఇద్దరొచ్చి కాల్చేస్తారు. అంతే నా పాత్ర. ఒక్క ఎపిసోడ్, ఒక్క సీన్.

మా వీధి చివర తొమ్మాసో కొట్టు ముందు లైన్లో నిలబడ్డాను. నా వెనకవాళ్లందరికీ తూచి ఇచ్చాడు. నన్ను చూసి, అయిపోయాయి అన్నాడు. ఎదురుగా బుట్ట నిండా మెరుస్తున్నాయి. అవేంటయ్యా అంటే, అవి మనుషులకి అన్నాడు. లైనంతా నవ్వింది. తర్వాత వాడూ నవ్వి పొట్లం కట్టి ఇచ్చాడు. ఇంటికొచ్చి విప్పితే అన్నీ నిన్నటివి. పిల్లి కూడా మూతి తిప్పుకుంది.

అక్టోబర్ 8

మిలాన్ పేపర్లో రివ్యూ. రెండు పేజీలు. ఇటలీ దాచుకున్న పుండుని విప్పి చూపించారంట. మిలాన్ వాళ్లకి మా నేపుల్స్ పుండు ఎప్పుడూ అందంగానే కనిపిస్తుంది, దూరం కదా.

నా గురించి కూడా రాశాడు ఆ విమర్శకుడు. సవేరియో పాత్రకి దర్శకుడు వీధిలో పోయే మనిషిని పట్టుకొచ్చాడు, ఆ ముఖానికి నటన అంటే ఏంటో తెలియదు, ఏ నటుడూ అలా చెయ్యలేడు, అని.

ముప్పై ఏళ్లుగా నాటకాలు వేస్తున్నాను నేను. రాజుగా చేశాను, పోప్‌గా చేశాను, హాల్లో జనం లేని రోజున కూడా గొంతు తగ్గించకుండా చేశాను. ఆ పెదవి వణకడం కోసం వారం రోజులు బీరువా అద్దం ముందు నిలబడితే, జ్వరమేమోనని నా భార్య తితీనా నుదురు పట్టుకుని చూసింది.

పొగిడాడు కదా, ఏడుపెందుకు అంది తితీనా.

నన్నెక్కడ పొగిడాడే, నా ముక్కుని పొగిడాడు అన్నాను.

అక్టోబర్ 11, ఆదివారం

ఇప్పుడు రోమ్ పేపర్ వంతు. ఈ సీరియల్ దక్షిణ ఇటలీకి అవమానం, ఒక్క మంచివాడు లేడు, ఒక్క పోలీసు లేడు అని. మా చర్చిలో ఫాదర్ కూడా అదే చదివినట్టున్నాడు, ప్రసంగమంతా దాని మీదే. మాట్లాడినంతసేపూ నన్నే చూశాడు.

వీధిలో బాల్కనీలకి బానర్లు కట్టారు. మేం చీకటి కాదు, మాకూ సూర్యుడున్నాడు, అని. బాగుంది. రేపు సోమవారం తొమ్మిదింటికి సీరియల్ వచ్చేటప్పుడు చూడాలి వీళ్ల సంగతి.

అక్టోబర్ 12, రాత్రి 9.20

వీధిలో ఒక్క మనిషి లేడు. బానరున్న ప్రతి బాల్కనీ లోంచీ అదే మ్యూజిక్.

అక్టోబర్ 13

మా గుమ్మం పక్క గోడ మీద ఎర్ర రంగుతో రాశారు. సవేరియో కుక్క.

అక్టోబర్ 17, శనివారం

కొండ మీద వొమెరో పేటలో ఒక థియేటర్. సీరియల్ మీద చర్చ అని పిలిచారు. మిలాన్ విమర్శకుడు స్వయంగా వచ్చాడు. సన్నటి కళ్లద్దాలు, మెత్తటి చెయ్యి. నాతో మాట ఒక్కొక్కటీ విడదీసి, నెమ్మదిగా మాట్లాడాడు, నాకు ఇటాలియన్ సరిగ్గా రాదనుకుని. మీరు మామూలుగా ఏం పని చేస్తారండీ అన్నాడు. నటుణ్ణి అన్నాను. పకపకా నవ్వి నా భుజం తట్టాడు. పక్కనున్నావిడకి కూడా చెప్పాడు, విన్నారా ఏమన్నాడో, అని.

జనం ముఠా నాయకుడి వేషం వేసినవాడి చుట్టూ మూగారు. అతను టూరిన్ మనిషి, మా యాస నేర్చుకోవడానికి నానా తంటాలు పడ్డాడు, పాపం మంచివాడే. కథలో అడుగడుక్కీ మనుషుల్ని చంపించాడు కదా. కుర్రాళ్లు అతని చెయ్యి ముద్దు పెట్టుకున్నారు. ఒకామె తన బిడ్డని ఎత్తుకోమంది. నేను కోటు తీసుకోవడానికి వెళ్తుంటే వెనక నుంచి ఎవరో, వీడు పిలిస్తే మాత్రం దిగకండ్రోయ్ అన్నారు.

చంపించినవాడు హీరో. పిలిచినవాడు కుక్క. ఇద్దరం ఒకే బస్సులో షూటింగుకి వెళ్లేవాళ్లం, ఒకే డబ్బాలోంచి మకరోని తినేవాళ్లం.

అక్టోబర్ 22

తితీనా దగ్గర కూతురికి చర్చిలో కమ్యూనియన్ వేడుక కోసం గౌను కుట్టించుకుంటున్న ఆవిడ వచ్చి, సగం కుట్టిన బట్ట పట్టుకుపోయింది. మా ఆయనకి ఇష్టం లేదమ్మా, ఏమనుకోకు అందంట. పూసలు కుట్టీ కుట్టీ తితీనా వేళ్లు వాచిపోయి ఉన్నాయి.

దర్శకుడి ఫోన్ కూడా ఇవాళే రావాలా. వచ్చే సీజన్లో సవేరియో పాత్ర పెంచుతాడట. జనం ఇంతగా అసహ్యించుకునే పాత్ర దొరకడం అదృష్టమయ్యా అనియెల్లో, అన్నాడు.

ఫోన్ పెట్టేసరికి తితీనా పూసల డబ్బా మూసేసింది. నువ్వు నటుడివని ఈ ఊళ్లో నా ఒక్కదానికే తెలుసు, అదీ మర్చిపోయేలా ఉన్నాను అంది.

అక్టోబర్ 25, ఆదివారం

భోజనం వేళ తలుపు చప్పుడు. నల్లబట్టల ముసలావిడ. నన్ను తేరిపార చూసింది. నాకు ఒళ్లు మండింది. అమ్మా, నేను సవేరియోని కాదు, తిట్టాలంటే గోడ మీద చోటుంది, రాసి వెళ్లండి అన్నాను.

నాకు తెలుసు నాయనా, నువ్వు నటుడివి, పోప్ వేషంలో చూశాను నిన్ను, అందుకే వచ్చాను అంది.

తితీనా నన్ను పక్కకి నెట్టి ఆవిడని కూర్చోబెట్టింది. పేరు కొంచెత్తా. పై వీధిలో ఉంటుంది. ఆవిడ భర్త ఆల్ఫోన్సో ఇళ్లకి రంగులు వేసేవాడు. ముఠావాళ్లు చేసిన ఒక అన్యాయం చూసి జడ్జి ముందు నోరు విప్పాడు. కొన్నాళ్లకి ఒక సాయంత్రం, ప్రాణానికి ప్రాణంగా తిరిగిన స్నేహితుడు కింద నుంచి పిలిచాడు. ఆల్ఫోన్సో దిగాడు, మళ్లీ మెట్లెక్కలేదు. ఆ స్నేహితుడు ఆ తర్వాత కనిపించలేదు. పరాయి దేశంలో పోయాడని ఈ మధ్యే తెలిసిందట.

వాడొచ్చి నా ఎదురుగా నిలబడి ఒక్క మాట చెబుతాడని ఇన్నేళ్లు చూశాను, ఇక రాడు కదా, ఆ మాట నువ్వు చెప్పు నాయనా అంది.

నా వల్ల కాదన్నాను. రాసిన మాటలుంటేనే చెప్పగలనన్నాను. ఆవిడ నల్ల గౌనుకి పిన్నుతో గుచ్చుకున్న భర్త ఫోటో సవరించుకుంది. మా వంటగదిలో రగూ మాంసం కూర వాసన, బాగుందమ్మా అని తితీనాతో అని, వెళ్లిపోయింది.

అక్టోబర్ 26

ముఖానికి చప్పట్లు కొడతారు, ముఖం మీద ఉమ్మేస్తారు. ఇప్పుడు దీన్ని కూడా నా నెత్తినే పెట్టాలా. ఎవడు చేసిన పాపం అది. తితీనాతో అన్నాను. తితీనా సూదిలో దారం ఎక్కిస్తూ, నటుడివని గుర్తుపట్టి వచ్చింది ఒక్కావిడ, ఆవిణ్ణే పంపించేశావు అంది.

అక్టోబర్ 28, బుధవారం

వెళ్లాను.

దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాను. బెదిరించారు అనాలి, నా పిల్లల్ని చంపుతామన్నారు అనాలి. ఆవిడ వంటగదిలో ఆల్ఫోన్సో కుర్చీలో కూర్చుంది. నన్ను తలుపు దగ్గర నిలబెట్టింది. కూర్చుకున్నదంతా ఎక్కడికో పోయింది.

కొంచెత్తా, ఆ రోజు పిలిచింది నేనే అన్నాను.

తెలిసే పిలిచావా అంది. తెలిసే అన్నాను.

ఎందుకు అంది. భయం అన్నాను. ఇంకేదైనా చెబుతానని చూసింది. ఇంకేమీ లేదు అన్నాను.

ఆయన చివరికేమన్నాడు అంది.

అక్కడ ఆగిపోయాను. నీ పేరు పిలిచాడు అని చెప్పడం ఎంత పని. ఏ ప్రేక్షకుడైనా ఏడుస్తాడు. కానీ నాకు తెలియదు కదా. ఏమీ అనలేదు కొంచెత్తా, టైమ్ లేదు అన్నాను.

చాలాసేపు తల ఊపుతూనే ఉంది. తర్వాత, ఆ మాట అడుగు అంది.

క్షమించు అన్నాను. పెదవి వణికింది. ఈసారి నేను వణికించలేదు.

విన్నాను, ఇక వెళ్లు అంది.

అక్టోబర్ 30

దర్శకుడికి ఫోన్ చేసి చెప్పాను. సవేరియో చెప్పాల్సింది చెప్పేశాడు, ఇక రాడు.

నవంబర్ 4

కూరగాయల బండి దగ్గర కొంచెత్తా ఎదురైంది. తితీనా పలకరించింది. ఆవిడ తితీనాకి బదులిచ్చి, నన్ను చూసి ముఖం తిప్పుకుని వెళ్లిపోయింది. ఇదేంటి, మన ఇంటికొచ్చిన మనిషి కదా అని తితీనా ఒకటే గొడవ. నేను ఉల్లిపాయలు ఏరుతూ ఉండిపోయాను. క్షమించలేదు ఆవిడ, ఆ రోజు పిలిచినవాణ్ణి. ఎందుకు క్షమించాలి.