బియ్యం డబ్బా అడుగున కడియాలు

చిట్టమూరు,
18 జూన్ 2024.

బావగారు రూఫస్ గారికి,

మీ చెల్లెలి భర్త సమాధానం ప్రభువు పేరట వందనం చెప్పి రాస్తున్నాడు. నలభై ఏళ్లకు మొదటి ఉత్తరం కనుక మర్యాదగా మొదలుపెట్టాను. చివరిదాకా అది నిలుస్తుందని మాట ఇవ్వలేను.

శనివారం మా అమ్మాయి ఫ్లోరా కూతురు అబిగయీలుకు ప్రధానం జరిగింది. రొయ్యపిల్లల హేచరీలో ల్యాబు పని చేస్తుందే, ఆ పిల్లకు. పెళ్ళికొడుకు హెబ్రోనుది బుచ్చిరెడ్డిపాలెం వైపు. ప్రార్థన కాగానే అతని తల్లి రెబెక్కమ్మ ఓలి పళ్ళెం ముందుకు జరిపింది. నాలుగు తరాల కింద మతం మారినా, పిల్లకు మగపెళ్ళివారు ఓలి ఇచ్చే ఆచారం మనవాళ్ళు మానలేదు కదా. ఆడది విడిపోవాలంటే ఆ ఓలినే పెద్దల ముందు మొగుడి చేతిలో పెట్టాలి. పెట్టిందా, బంధం తెగినట్టే. దీని మీద దొరలు రాసిన గ్రంథాలు కూడా చదివాను. ఖండిస్తూ సంఘ పత్రికలో మూడు వ్యాసాలు రాశాను. నా పెళ్ళికి మాత్రం జత వెండి కడియాలు ఇచ్చాను. అందుకున్నది మీరే.

అబిగయీలు పళ్ళెం వెనక్కి నెట్టింది. ఓలి తీసుకోకుంటే రేపు మా మాటేం వింటావే అని రెబెక్కమ్మ అడిగితే, తీసుకున్నా విననత్తా అన్నది. హెబ్రోను నవ్వేశాడు. నేనూ నవ్వబోయాను. ఇంతలో ఆ పిల్ల సంచిలోంచి గుడ్డమూట తీసి నా ఒళ్ళో పెట్టింది. అవ్వ ఇమ్మనింది తాతా, పదిమంది ముందే ఇమ్మనింది అన్నది. విప్పితే కడియాలు. ఒకదానికి సొట్ట. పెళ్ళినాడు నా చేతిలోంచి జారి పడిన సొట్టే.

ఎలిశబెతు పోయి ఏడాది దాటింది. చనిపోయిన భార్య నన్ను విడిచిపెట్టింది! సంఘపెద్ద హెన్రీ, డెబ్భై ఆరేళ్ళకు మళ్ళీ బ్రహ్మచారివి అయినావే మాస్టరూ అని అందరినీ నవ్వించాడు. ఎక్కడివే ఇవి అని పిల్లను అడిగితే, అవ్వ బియ్యం డబ్బా అడుగున దాచిందట. ఆ డబ్బాలో బియ్యమే కదా నలభై ఏళ్ళు తిన్నాను!

అంతటితో ఆగలేదు. సమాధి తోటలో తన పక్కన నాకని ఉంచిన చోటు ఖాళీగానే ఉండాలని కూడా చెప్పిపోయిందట. ఆదివారం ఆరాధన అయ్యాక పెద్దలు దాని సంగతి తేలుస్తారు. ఫ్లోరా తల్లి పక్షం. నా ముఖం చూడటం లేదు.

కాబట్టి మీరు రావాలి. ఇవి ఆ కడియాలు కావు, అవి నేను ఏనాడో అమ్ముకుని తిన్నాను అని మీ నోటితో ఒక్క మాట చెప్పండి. ఓలి తిరిగి రానట్టే అవుతుంది, ఆమె పక్క చోటు నాకే ఉంటుంది. ఊరంతా నలభై ఏళ్ళుగా నమ్మిన మాటే ఇది, మీకు కొత్తగా పోయే పరువేమీ లేదు. చెల్లెలు పుట్టింటికి వస్తే నాలుగు నెలలైనా అట్టిపెట్టుకోలేకపోయారు. నాకు ఈపాటి సాయం చేయవచ్చు.

ఇట్లు,
మీరు పలకరించని మీ చెల్లెలి భర్త,
సమాధానం

తా.క. కవరు అంటించి మళ్ళీ చించాను. బావా, ఎలిశబెతు నీ ఇంటికి చేరిన ఆ ఏడు నువ్వు కడియాలు గుడ్డలో చుట్టుకుని మా వాకిట్లోకి వచ్చావు. ఇద్దరు పెద్దలనూ వెంటబెట్టుకొచ్చావు. ఓలి నా చేతిలో పడితే ఎలిశబెతుకు విడుదల. అందుకని నేను లోపల తలుపు వెనక నిలబడి, ఊళ్ళో లేనని మా అమ్మ చేత చెప్పించాను. మర్నాడు నువ్వు అవి అమ్ముకున్నావనీ, నిన్న తెచ్చింది ఉత్త మూటేననీ చెప్పాను. బడిపంతులు మాట కదా, పెద్దలు నీ మూట విప్పించకుండానే నమ్మారు. ఆమెను నా దగ్గరికి పంపారు. ఆ మూట కూడా ఆమె వెంట వచ్చిందని మొన్న శనివారం దాకా నాకు తెలియదు.

ఆ రోజు నీ వెనక ఫ్లోరాను ఎత్తుకుని నిలబడిన ఎలిశబెతు, తలుపు సందులోంచి నా కళ్ళలోకి చూసింది. ఆ మాట ఎన్నడూ ఎత్తలేదు.

ఆదివారం రా. పైన నేను అడిగింది చెప్పొద్దు, జరిగింది చెప్పు. ఈసారి నేను ఊళ్ళోనే ఉంటాను. ముందు వరసలో కూర్చుంటాను.