గొట్టం మీద చప్పుడు

అక్కా, నాకు జ్వరం పూర్తిగా తగ్గింది, కంగారు పడకు.

నీ దగ్గరున్న నా చిన్నది బళ్ళో ‘మా అమ్మ సేఫ్టీ ఆఫీసర్’ అని చెబితే, ‘అంటే వద్దు వద్దు అనే పనా’ అని పిల్లలు నవ్వారని రాశావు. ఇక్కడా అంతే. నాకు ‘వద్దమ్మ’ అని పేరు పెట్టారు. కట్టే భవనం దగ్గరికి నేను రాగానే కింద ఎవరో ఒకరు ఇనప గొట్టం మీద స్పానరుతో టంగుమనిపిస్తారు. అది వినగానే పై అంతస్తుల్లో అందరూ గబగబా హెల్మెట్లు, బెల్టులు పెట్టేసుకుంటారు. నేను పైకి ఎక్కేసరికి అందరూ బుద్ధిమంతులే. నాతో కూర్చుని టీ తాగేవాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు.

మొన్న జ్వరంతో ఒకరోజు గదిలోనే ఉండిపోయాను. మర్నాడు వెళితే ముసలి మేస్త్రీ, "నిన్న గాలి మరీ ఎక్కువగా ఉందమ్మా. మీరు రాకపోయినా నేనే గొట్టం మోగించాను" అంటూ తన టీలో సగం నాకు పోసిచ్చాడు. అది తాగుతుంటే ఇల్లు గుర్తొచ్చింది.

నా ఊలు మేజోళ్ళు పంపించు. గ్యాసు ట్యూబు మార్చారా? బావ విసుక్కున్నా సరే, అడుగు. ఆయనకి నా నమస్కారాలు.

నేను అక్కడున్నప్పుడు గేటు గడియ చప్పుడైతే చాలు, చిన్నది బల్ల మీంచి దిగిపోయి ఏమీ ఎరగనట్టు పుస్తకం పట్టుకునేది. సెలవు దొరకగానే వస్తాను. ఆ రోజు గడియ చప్పుడైతే దాన్ని దిగనివ్వకు. బల్ల మీంచే దూకమను, నేను పట్టుకుంటాను.

నీ చెల్లెలు